కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్: గడప తొక్కడం నుంచి రిపోర్టు దాకా

కనిగిరి వైపు ఒక పల్లెలో తాగునీటి మీద సర్వే చేసి వచ్చిన మా విద్యార్థులు రిపోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. సూచనల పేజీలో మొదటి వాక్యం ఇది: "ప్రజలు నీటిని కాచి, చల్లార్చి, వడకట్టి తాగాలి." పిల్లలు కష్టపడ్డారు, అందులో అనుమానం లేదు. మే నెల ఎండలో ఇల్లిల్లూ తిరిగారు. కానీ ఆ ఊరి బోరు నీళ్లలో ఉన్నది ఫ్లోరైడ్, ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే పదార్థం. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ గిన్నెలో మిగిలిన నీళ్లలో అది ఇంకాస్త చిక్కబడుతుంది. ఆ సలహా ఎక్కడిదని అడిగితే, సీనియర్ల పాత రిపోర్టులోది అన్నారు. ఆ సీనియర్లు వెళ్లిన ఊళ్లో సమస్య మురికినీళ్లు కలిసిన కుళాయి. అక్కడ ఆ మాట సరైనదే. ఇక్కడ అదే మాట జనానికి ఉపయోగపడదు, పైగా జాగ్రత్త తీసుకుంటున్నామన్న భ్రమ కలిగిస్తుంది.

అప్పటినుంచి పిల్లలకు ఒకే మాట చెబుతున్నాను. రిపోర్టులో రాసే ప్రతి వాక్యం పక్కన వేలు పెట్టి "ఇది ఏ ఇంట్లో తెలిసింది?" అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి. లేకపోతే ఆ వాక్యం తీసేయాలి. కింద చెప్పేదంతా ఆ జవాబు మీ దగ్గర ఉండేలా ఎలా పని చేయాలన్న దాని గురించే.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 బ్యాచ్ నుంచి డిగ్రీ మొదటి సంవత్సరం అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ తప్పనిసరి. 180 గంటలు, 4 క్రెడిట్లు. ఉన్నత విద్యామండలి చెప్పిన పద్ధతిలో ఒక వారం సర్వే, ఒక వారం అవగాహన కార్యక్రమాలు, మూడు వారాలు ఊళ్లో పని, చివరి వారం రిపోర్టు. చాలామంది ఆ మొదటి వారాన్ని ఫారాలు నింపే పనిగా చూస్తారు. తర్వాతి ఐదు వారాలూ దాని మీదే నిలబడతాయి. నేను తాగునీటి సర్వేనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీ అంశం చదువు మానేసిన పిల్లలైనా, చెత్త సేకరణ అయినా, కౌలు రైతుల అప్పులైనా దారి ఇదే.

మొదటి అడుగు: సమస్యను చిన్నది చేసుకోండి

"గ్రామీణ సమస్యలు – ఒక పరిశీలన" అని పేరు పెట్టుకుని బయల్దేరితే రోడ్లు, కాలువలు, మద్యం, నిరుద్యోగం అన్నీ తలా ఒక పేరా వస్తాయి, ఒక్కటీ లోతుగా రాదు. మొదటి రెండు రోజులు ఫారం లేకుండా ఊళ్లో తిరగండి. సర్పంచ్‌ని, పంచాయతీ కార్యదర్శిని కలిసి కాలేజీ లెటర్ ఇచ్చి అనుమతి తీసుకోండి. తర్వాత ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీ టీచర్ దగ్గర, టీ కొట్టు దగ్గర, నీళ్ల ట్యాంకు దగ్గర కూర్చోండి. వినండి. సమస్య ఏ రూపంలో ఉందో అప్పుడు తెలుస్తుంది. "నీళ్లు లేవు" అనుకుని వెళ్తే, నీళ్లున్నాయి గానీ తాగడానికి పనికిరావు, క్యాన్ కొనుక్కోవాలి అని తేలవచ్చు. అప్పుడు మీ ప్రశ్న ఇలా మారుతుంది: ఈ ఊళ్లో తాగడానికి ఎవరు ఏ నీళ్లు వాడుతున్నారు, దానికి నెలకు ఎంత ఖర్చవుతోంది? దీనికి ఆరు వారాల్లో జవాబు దొరుకుతుంది.

అంతకుముందే ఉన్న సమాచారం కూడా చూసుకోండి. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) ఉందని 1937లోనే వైద్యులు నమోదు చేశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. మీ రిపోర్టు పరిచయంలో ఇలాంటి ఒక్క వాక్యం ఉంటే, "నీరు ప్రాణాధారం" అంటూ నింపిన రెండు పేజీల కన్నా ఎక్కువ చెబుతుంది. ఊరి జనాభాకు 2011 జనగణన చూస్తారు కదా, అందులో ఒక మెలిక ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారాయి. 2011 పుస్తకంలో జిల్లా అంకె పాత జిల్లాది. దాన్ని తెచ్చి ఇప్పటి జిల్లా పేరు కింద రాస్తే తప్పు. గ్రామం, మండలం అంకెలు తీసుకుని, పక్కన సంవత్సరం రాయండి.

రెండో అడుగు: ప్రశ్నలు

ఎక్కువ రోజులు దీని మీద పెట్టండి. చెడ్డ ప్రశ్నకు వచ్చిన జవాబును తర్వాత ఏ లెక్కలతోనూ బాగుచేయలేం.

"మీ ఊళ్లో నీటి సమస్య ఉందా?" అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. కాలేజీ పిల్లలు పుస్తకం పట్టుకుని వచ్చారు, రాసుకుంటే ఏదో ఒకటి జరగవచ్చని వాళ్ల ఆశ. ఆ "ఉంది"తో మీరేమీ చేయలేరు. దాని బదులు "నిన్న మీ ఇంట్లో తాగిన నీళ్లు ఎక్కడివి?" అని అడగండి. నిన్నటి సంగతి గుర్తుంటుంది, దాంట్లో అభిప్రాయానికి చోటు లేదు. తర్వాత "క్యాన్ ఎన్ని రోజులు వస్తుంది? ఎంతకు కొన్నారు?" అని అడిగి నెల ఖర్చు మీరే లెక్క కట్టుకోండి. నెలకు ఎంతవుతుందని వాళ్లనే అడిగితే ఉజ్జాయింపుగా ఒక అంకె చెప్పేస్తారు.

కొలతలు ముందే తేల్చుకోండి. "మూడు బిందెలు" అన్నారు సరే, బిందె అంటే ఎన్ని లీటర్లు? ఇంటింటికీ తేడా ఉంటుంది. లీటరు సీసాతో పోసి ఆ ఊళ్లో వాడే రెండు మూడు రకాల బిందెలు కొలిచి రాసుకోండి. ఇంటింటికీ కుళాయి నీళ్లివ్వడానికి పెట్టిన కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అని లెక్క పెట్టుకుంది. మీ అంకెను దాంతో పోల్చాలంటే బిందెలు లీటర్లు కావాలి కదా.

వయసు విషయంలోనూ అంతే. పెద్దవాళ్లు చాలామంది కచ్చితంగా చెప్పలేరు. "ఎన్టీ రామారావు మొదటిసారి గెలిచిన ఏడు మీకు పెళ్లయిందా? పిల్లలున్నారా?" అని అడిగితే 1983ని గుర్తు పెట్టుకుని దగ్గరి వయసు కట్టవచ్చు.

ఒక్క ప్రశ్న మొత్తం రిపోర్టును ఎలా మార్చేస్తుందో చెబుతాను. మా పిల్లలు మొదట "పళ్ల మీద గోధుమ రంగు మచ్చలున్నాయా?" అని ఇంటి పెద్దావిడను అడుగుదామనుకున్నారు. ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద గారలాంటి మచ్చలు వస్తాయని చదివారు. అది నిజమే. కానీ ఆ మచ్చలు పడేది పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు. పెద్దయ్యాక ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా కొత్తగా ఆ మచ్చలు రావు. ఇప్పుడు ఆలోచించండి. ఇంట్లో కోడలు వేరే ఊరి నుంచి వచ్చింది. ఆమె పళ్లు శుభ్రంగా ఉంటే అది పుట్టింటి నీళ్ల సంగతి, మచ్చలున్నా అది కూడా పుట్టింటి సంగతే. ఈ ఊరి నీళ్ల గురించి ఆమె పళ్లు ఏమీ చెప్పవు. అందుకని ఫారంలో ఆ ప్రశ్నకు ముందు ఇంకొకటి చేర్చాం: "ఎనిమిదేళ్లు వచ్చేదాకా మీరు ఏ ఊళ్లో పెరిగారు?" ఈ ఒక్క లైను లేకపోతే సగం జవాబులు పక్క ఊళ్లవై ఉండేవి.

ఆదాయం నేరుగా అడగొద్దు. బియ్యం కార్డు పోతుందేమోనని తగ్గించి చెబుతారు, ఆ భయాన్ని తప్పుపట్టలేం. పొలం ఎంత, సొంతమా కౌలా, ఇంటికి స్లాబా రేకులా, గేదెలెన్ని అని అడిగితే పరిస్థితి తెలుస్తుంది. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు మీకు అక్కర్లేదు. అడగనే కూడదు.

రిపోర్టు ఏ భాషలో రాయమన్నా, ప్రశ్నలు మాత్రం మాట్లాడే తెలుగులో ఉండాలి. "మీ గృహమునకు లభ్యమగు త్రాగునీటి వనరు" అని చదివితే ప్రతి విద్యార్థీ గడప దగ్గర తనకు తోచినట్టు మార్చి అడుగుతాడు. పదిమంది పది రకాలుగా అడిగితే వచ్చిన జవాబులను కలపలేం. ఫారం తయారయ్యాక ఐదు ఇళ్లలో అడిగి చూసి, తడబడిన చోట దిద్దండి. ఇలా ముందు చిన్నగా చేసి చూసే పద్ధతిని మన దేశంలో నిలబెట్టింది స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్, బెంగాల్ జనపనార (జూట్) పంట సర్వేల్లో. ఆ ఐదు ఇళ్ల జవాబులను అసలు లెక్కలో కలపకండి.

మూడో అడుగు: ఏ ఇళ్లు?

బస్సు దిగిన చోటు నుంచి మొదలుపెట్టి 50 ఫారాలు అయ్యేదాకా వరసగా వెళ్తే, మీరు చూసింది మెయిన్ రోడ్డు పక్క ఊరిని మాత్రమే. ఎస్సీ కాలనీ, ఊరి చివర ఎస్టీ గుడిసెలు, చెరువు కట్ట మీద ఇళ్లు ఫారంలోకి రావు. నీళ్ల కష్టం ఎక్కువగా ఉండేది అక్కడే.

ముందు కాగితం మీద ఊరి పటం గీయండి. వీధులు, కాలనీలు, బోర్లు, ట్యాంకు, ఆర్వో ప్లాంటు గుర్తు పెట్టి, ఇళ్లకు వరసగా నంబర్లు వేయండి. 200 ఇళ్లున్నాయి, 50 చూడగలరు అనుకుందాం. అంటే ప్రతి నాలుగో ఇల్లు. 1 నుంచి 4 దాకా చీటీలు వేసి ఒకటి తీయండి. 3 వస్తే 3, 7, 11, 15... ఇలా చివరిదాకా. నంబర్లు కాలనీలతో సహా ఊరంతా వేశారు కాబట్టి ఏ మూలా మిగలదు.

తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకండి. తాళం ఉన్న ఇంటివాళ్లు కూలికి వెళ్లినవాళ్లు. పక్కింట్లో ఉన్నవాళ్లు వెళ్లక్కర్లేనివాళ్లు. ఇలా మార్చుకుంటూ పోతే మీ సర్వేలో కూలీల ఇళ్లు ఒక్కొక్కటిగా జారిపోతాయి. వేసవిలో ఉపాధి హామీ పనులు పొద్దున్నే మొదలవుతాయి కాబట్టి సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి. మూడుసార్లు వెళ్లినా దొరక్కపోతే "దొరకలేదు" అని రాయండి. "50 ఇళ్లు ఎంచుకున్నాం, 46 దొరికాయి" అన్న వాక్యాన్ని చూసి ఎవరూ మార్కులు తగ్గించరు.

నాలుగో అడుగు: గడప దగ్గర

"ఏంది నాయనా, పింఛను రాసుకోను వచ్చారా?" మొదటి ఇంట్లోనే ఈ మాట వినిపిస్తుంది. అక్కడే స్పష్టంగా చెప్పాలి: "లేదు పెద్దమ్మా, మేం కాలేజీ పిల్లలం. చదువు కోసం ఊళ్లో నీళ్ల సంగతి తెలుసుకుంటున్నాం. దీనివల్ల మీకు డబ్బు గానీ పథకం గానీ రాదు. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపేయమన్నా ఆపేస్తాం." ఇది చెప్పడానికి అర నిమిషం పడుతుంది. చెప్పకుండా కూర్చుంటే ఆమె జవాబులన్నీ రాని పింఛను కోసం చెప్పినవవుతాయి, తర్వాత ఆమె ఎదురు చూస్తూ ఉంటుంది. అది అన్యాయం.

ఇద్దరు వెళ్లండి, ఒకరు అడుగుతుంటే ఇంకొకరు రాయాలి. ఫారం మీద పేరు కాకుండా ఇంటి కోడ్ వేయండి. పేర్లూ కోడ్‌లూ ఉన్న జాబితా వేరే పుస్తకంలో, గైడ్ దగ్గర ఉండాలి. అవతలివాళ్లు చెప్పిన మాటల్లో గుర్తుండిపోయేది ఏదైనా ఉంటే వాళ్ల మాటల్లోనే మార్జిన్‌లో రాసుకోండి. రిపోర్టు రాసేటప్పుడు ఆ మార్జినే మిమ్మల్ని ఆదుకుంటుంది. కాళ్లు వంకర తిరిగిన మనిషిని, వంగిపోయిన ముసలాయన్ని ఫొటో తీయకండి. అడిగితే ఒప్పుకోవచ్చు, అయినా వద్దు. బోరు ఫొటో, క్యాన్ల వరస ఫొటో చాలు.

ఆ రోజు ఫారాలు ఆ రాత్రే చూసుకోండి. ఐదుగురున్న ఇంట్లో రోజుకు ఒక్క బిందె అని రాసి ఉంటే మర్నాడు వెళ్లి అడగవచ్చు. నెల తర్వాత చూస్తే అడగలేరు. రోజూ చేసిన పని రాసే లాగ్ బుక్ కూడా ఏ రోజుది ఆ రోజే రాయండి. ఒకే పెన్నుతో, ఒకే దస్తూరిలో, ఒక్కసారే కూర్చుని రాసిన ముప్పై రోజులు మాకు చూడగానే తెలిసిపోతాయి. ఇంట్లో కూర్చుని నింపిన ఫారాలూ అంతే. వాటిలో అన్ని ఇళ్లలోనూ నలుగురే ఉంటారు, అందరికీ అన్ని ప్రశ్నలకూ జవాబు తెలుసు, ఒక్క ఇంటికీ తాళం ఉండదు.

బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే మీ సర్వేకి బలం వస్తుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, బోరు ఎక్కడిదో, తేదీ ఏమిటో అంటించి, మండలంలోని ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఇంజనీరును అడిగి ల్యాబుకు పంపండి. తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

ఐదో అడుగు: లెక్క

పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. ఒక ఇంటికి ఒక అడ్డ వరస, ఒక ప్రశ్నకు ఒక నిలువు వరస. జవాబు రానిచోట సున్నా వేయకండి, ఖాళీ వదలండి. సున్నా అంటే ఖర్చు లేదని, ఖాళీ అంటే తెలియదని.

ఇక్కడ నేను వేసే అంకెలు ఉదాహరణ కోసమే. 50 ఇళ్లలో 31 ఇళ్లు క్యాన్ నీళ్లు కొంటున్నాయి అనుకుందాం, అంటే 62 శాతం. ఇంతటితో ఆపేస్తే ఊరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. విడదీసి చూడండి. పెద్ద ఊళ్లో 36 ఇళ్లకు 27, కాలనీలో 14 ఇళ్లకు 4. ఇప్పుడు అసలు ప్రశ్న బయటికొచ్చింది: మిగిలిన ఆ 10 ఇళ్లు ఏం తాగుతున్నాయి? మీ రిపోర్టుకు గుండె అక్కడ ఉంది. 14లో 4ను 28.57 శాతం అని రాయొద్దు. అంత చిన్న గుంపుకు శాతం వేస్తే లేని కచ్చితత్వాన్ని చూపించినట్టవుతుంది. "14లో 4" అనండి.

62 శాతం కూడా ఊరంతటికీ కచ్చితమైన అంకె కాదు. 200 ఇళ్లలో చీటీ తీసి 50 చూశారు కాబట్టి, అసలు అంకె దాదాపు 12 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు ఈ లెక్క వేసి చూపించండి. మిగతావాళ్లు "సర్వే చేసిన ఇళ్లలో" అన్న మాట మర్చిపోకండి, అది చాలు.

సగటు విషయంలో ఒక జాగ్రత్త. ఐదు ఇళ్ల నెల ఖర్చు 150, 200, 200, 250, 3000 రూపాయలు అనుకోండి. ఆ చివరిది చిన్న హోటల్ నడిపే ఇల్లు. సగటు 760 వస్తుంది. 760 ఖర్చు పెట్టే ఇల్లు ఒక్కటీ లేదు. వరసలో మధ్యలో ఉన్న 200 అసలు సంగతి చెబుతుంది. రెండూ రాసి, హోటల్ సంగతి చెప్పండి.

ఆరో అడుగు: రాయడం

శీర్షిక, పరిచయం, లక్ష్యాలు, పద్ధతి, తేలినవి, చర్చ, సూచనలు, పరిమితులు, అనుబంధంలో ప్రశ్నల ఫారం. ఈ వరస మీ కాలేజీ ఇస్తుంది. రాసే వరస మాత్రం వేరే. పట్టికలు ముందు తయారు చేసుకుని, పక్కన తేలినవి రాయండి. తర్వాత పద్ధతి. పరిచయం చివర్లో.

"గ్రామ ప్రజలు తాగునీటి కోసం తీవ్ర ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు" అని రాయకండి. ఇలా రాయండి: "సర్వే చేసిన 50 ఇళ్లలో 31 ఇళ్లవాళ్లు ముందురోజు క్యాన్ నీళ్లు తాగామన్నారు. కాలనీలో 14 ఇళ్లకు 4 మాత్రమే కొంటున్నాయి. మిగిలిన 10 ఇళ్లు చేతిపంపు నీళ్లే తాగుతున్నాయి." మొదటి వాక్యం ఏ ఊరికైనా సరిపోతుంది. రెండోది మీ ఊరికి తప్ప ఇంకెక్కడా సరిపోదు. చాట్‌జీపీటీతో రాయిస్తే వచ్చేవి మొదటి రకం వాక్యాలే, ఎందుకంటే మీరు ఎక్కిన మెట్లు దానికి తెలియవు. అక్షర దోషాలు సరిచేయించుకోండి, తేలిన విషయాలు మాత్రం మీరే రాయండి.

కారణాల దగ్గర చాలా జాగ్రత్త. 50 ఇళ్లలో 22 ఇళ్లలో మోకాళ్ల నొప్పులున్నాయని చెప్పారనుకోండి. "ఫ్లోరైడ్ వల్ల మోకాళ్ల నొప్పులు వచ్చాయి" అని మీరు రాయలేరు. వయసు వల్ల రావచ్చు, పొలం పని వల్ల రావచ్చు, మీరు డాక్టర్లు కారు, ఎక్స్‌రే తీయలేదు. "22 ఇళ్లలో కనీసం ఒకరికి మోకాళ్ల నొప్పులున్నాయని చెప్పారు" అనే రాయగలరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు కిడ్నీ జబ్బుతో నలిగిపోయాయి. ఎన్నో బృందాలు నీళ్లు, మట్టి, రక్తం పరీక్షించాయి. అయినా కారణం ఇదీ అని తేల్చలేదు. అలాంటి చోట సర్వే చేసిన విద్యార్థి "నీటి కాలుష్యం వల్ల కిడ్నీ వ్యాధి" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే, ఆ కుటుంబాలు పడ్డ బాధను తేలిక చేసినట్టు.

సూచనలు మూడు చాలు. ఒక్కొక్కటీ ఎవరికి చెబుతున్నామో, ఏ పట్టిక ఆధారంగా చెబుతున్నామో ఉండాలి. "ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి" అంటే ఎవరూ తీసుకోరు. "ఆర్వో ప్లాంటు నుంచి కాలనీకి వారానికి మూడు రోజులు ట్రాలీ పంపాలని పంచాయతీని కోరుతున్నాం (పట్టిక 4)" అంటే సర్పంచ్ చదివి అవుననో కాదనో అనగలడు.

పరిమితులు క్షమాపణలా రాయకండి. ఏది చూడలేదో చెబితే, చూసింది నమ్ముతారు. వేసవిలోనే చేశాం, వర్షాకాలం సంగతి తెలియదు. నాలుగు ఇళ్లు దొరకలేదు. ఎక్కువ ఇళ్లలో జవాబిచ్చింది ఆడవాళ్లు. ఇలాంటివి.

ఏడో అడుగు: మళ్లీ ఊరికి

రిపోర్టు బైండింగ్‌కి ఇచ్చేముందు, ఒక సాయంత్రం ఊరికి వెళ్లి తేలిన విషయాలు చదివి వినిపించండి. గ్రామసభ ఉంటే అక్కడ, లేకపోతే రావిచెట్టు కింద. ఒక ప్రతి పంచాయతీకి ఇవ్వండి. పేర్లు ఉండవు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

మా పిల్లలు అలా చదువుతున్నప్పుడు, కొన్ని ఇళ్లలో మనిషికి 55 లీటర్ల కన్నా ఎక్కువే వాడుతున్నారన్న పట్టిక దగ్గర ఒక పెద్దమ్మ ఆపింది. "నాయనా, నేను చెప్పిన బిందెల్లో సగం మాకు కాదు. రెండు గేదెలున్నాయి గదా, వాటికి." పక్కనున్న ఇద్దరు ముగ్గురు అవునన్నారు. మా ఫారంలో మనుషుల నీళ్లూ పశువుల నీళ్లూ విడిగా అడగలేదు. పిల్లలు ఆ రాత్రే ఫారాలు మళ్లీ తీశారు. గేదెల సంఖ్య రాసుకున్నారు కాబట్టి పశువులున్న ఇళ్లు ఏవో తెలిశాయి. మర్నాడు ఆ ఇళ్లకు మాత్రం తిరిగి వెళ్లి, విడిగా అడిగి, పట్టిక మార్చారు. పరిమితుల పేజీలో ఒక లైను చేర్చారు: "పశువుల నీళ్లను మొదటి ఫారంలో విడిగా అడగలేదు. ఊరివాళ్లు చెప్పిన తర్వాత సరిచేశాం."

వైవాలో ఎగ్జామినర్ మొదట అడిగింది ఆ లైను గురించే. పిల్లలు పావుగంట చెప్పారు, ఎక్కడా కాగితం చూడలేదు.